పక్క సీట్లో గొంతు

ప్రియమైన బావమరిదికి,

మీ బావ ఆశీస్సులు. చెబుతున్నది నేను, రాస్తున్నది మీ అక్క. చెప్పింది చెప్పినట్టు రాయమని మాట తీసుకున్నాను గానీ, మధ్యలో తన సొంత పైత్యం కలిపితే నా పూచీ లేదు.

(తప్పకుండా కలుపుతాను. ఈయన చెప్పేదాంట్లో సగం ఫుట్‌బాలే. నీ ఒంట్లో ఎలా ఉందో, ఆ కొండల మీద చలికి ఏం కప్పుకుంటున్నావో ఎవరడుగుతారు? – అక్క)

చూశావా, అప్పుడే మొదలెట్టింది. సరే, అసలు విషయానికి వస్తాను. సీజన్ దగ్గర పడింది. కిందటేడు మన జట్టు చావు తప్పి కన్ను లొట్టపోయి కింది డివిజన్‌కి జారకుండా బయటపడింది. ఈ ఏడు ఏమవుతుందో తలుచుకుంటే ముద్ద దిగడం లేదు. మన గోల్‌కీపర్ ‘గోడ’ని వేరే జట్టుకి అమ్మేశారు. బదులుగా తెచ్చిన కుర్ర గోల్‌కీపర్‌కి వచ్చీ రాగానే జనం ‘జల్లెడ’ అని పేరు పెట్టేశారు. పేరే అలా ఉంటే పని ఎలా ఉంటుందో నువ్వే ఆలోచించు. మన ఫార్వర్డు ‘మెరుపు’ మోకాలికి ఆపరేషన్ అయింది. వాడు మునుపటిలా పరిగెత్తగలడని కోచ్ అంటున్నాడు. కోచ్‌లు అలాగే అంటారు.

వీటన్నిటికంటే పెద్ద దిగులు ఇంకొకటి ఉంది. నా కళ్లు పూర్తిగా పోయాక ఒక్క మ్యాచైనా నీ నోటితో తప్ప చూశానా? నువ్వు చెబుతుంటే గడ్డి మీద బంతి జారడం కూడా కనిపించేది. నిన్ను ఆ పంపుల దగ్గరికి బదిలీ చేసినవాడు ఎవడో గానీ, వాడికి ఆటంటే ఏమిటో తెలీదు. రెండు సీట్లకీ ఎప్పట్లాగే సీజన్ పాసులు తీసుకున్నాను. నీ సీటు వదులుకోవడానికి మనసొప్పలేదు.

ఆ మధ్య టీవీలో ఏదో మ్యాచ్ వస్తుంటే మీ అక్కని చెప్పమన్నాను. “ఎవరికో తగిలింది” అంది. “ఎవరికే?” అంటే “తెల్ల చొక్కా ఆయనకి” అంది. ఒక జట్టు జట్టంతా తెల్ల చొక్కాలే కదా! “పాపం, మోకాలు కొట్టుకుపోయిందండీ, ఇంత రక్తం” అని ఆవిడ బాధపడేలోపు అవతల గోల్ పడిపోయింది.

వచ్చే ఆదివారం మొదటి ప్రాక్టీస్ మ్యాచ్. మీ అక్క నన్ను సీట్లో కూర్చోబెట్టి బేకరీలో డ్యూటీకి వెళ్తుంది. అయ్యాక వచ్చి తీసుకెళ్తుంది. ఒంటరిగా కూర్చుని జనం అరుపులు వింటాను. ఏం చేస్తాం!

ఇట్లు,
జట్టు కోసం తిండి మానేసిన మీ బావ
(మానలేదు. రెండోసారి వడ్డించుకున్నారు. – అక్క)

*

ప్రియమైన బావకు,

నమస్కారాలు. అక్కకి చెప్పు, రెండు దుప్పట్లు కప్పుకుంటున్నాను, ఒంట్లో బాగానే ఉంది.

ఇక్కడ ఫోను పనిచేయదు. గురువారం గురువారం సరుకుల వ్యాను వస్తుంది, అందులోనే ఉత్తరాలు. పంపుహౌస్‌లో రెండు పెద్ద పంపులు జలాశయం నీళ్లని కింద ఊళ్లకి తోడుతుంటాయి. వాటి హోరు చెవుల్లోంచి పళ్లలోకి దిగుతుంది. నేను గేజీల ముందు కూర్చుని ముల్లు ఎక్కడుందో చూస్తుంటాను. ముల్లు కదలదు. కదిలితే ప్రమాదం, కదలకపోతే విసుగు. నాతో పాటు ఇంకొకాయన ఉన్నాడు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి, ‘పెద్దాయన’ అంటాను. ఆయనకి ఫుట్‌బాల్ అంటే బంతిని తన్నడం. అంతే. ఇక ఎవరితో మాట్లాడను చెప్పు?

బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు. నేను నీ బతుకుతో పాటు నీ జట్టు బతుకు కూడా కోరుతున్నాను. జల్లెడ గురించి తొందరపడకు. గోడని కూడా మొదట్లో ‘తలుపు’ అనేవాళ్లు, మరిచిపోయావా?

ఆదివారం నా మనసు అక్కడే ఉంటుంది. మొదటి లీగ్ మ్యాచ్‌కి సెలవు అడుగుతాను. అంతవరకు ఎలాగోలా సర్దుకో.

నీ బావమరిది

*

ప్రియమైన బావమరిదికి,

ఒక శుభవార్త. నాకు కళ్లు దొరికాయి!

ఆదివారం మీ అక్క నన్ను కూర్చోబెట్టి వెళ్లిపోయింది. ప్రాక్టీస్ మ్యాచ్ కదా, జనం పలచగానే ఉన్నారు. ఆట మొదలైన కాసేపటికి నీ సీట్లో ఎవరో కూర్చున్నారు. వచ్చిన అడుగుల చప్పుడు వినలేదు గానీ బల్ల కదిలినట్టనిపించింది. “అది మా బావమరిది సీటండీ” అని చెప్పబోయాను. ఈలోపే ఆయన చెప్పడం మొదలెట్టాడు.

“ఎడమ పక్క నుంచి మెరుపు వస్తున్నాడు. బంతి కాలికి అతుక్కున్నట్టుంది. ఒకణ్ణి దాటాడు. మోకాలి భయమే లేదు. లోపలికి తిరిగాడు, కొట్టాడు… గోల్‌పోస్టుకి తగిలింది!”

అప్పుడు ఠంగుమంది పోస్టు. ఆ తర్వాత అయ్యో అన్నారు జనం. ఈ వరస నీకు అర్థమైందా? ముందు ఆయన మాట, ఆ తర్వాత చప్పుడు. మొదట నేనూ పట్టించుకోలేదు. ఆటంతా అలాగే సాగింది. ప్రతిదీ ఆయన చెప్పాకే జరిగింది. ఆటని అంత లోతుగా చదివే మనిషని అనుకున్నాను.

ఆస్పత్రి టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఇన్నేళ్లుగా గొంతులతోనే బతుకుతున్నవాణ్ణి. ఒకసారి విన్న గొంతుని మరిచిపోను. ఈ గొంతు మాత్రం పట్టుబడలేదు. దూరపు లైన్లో, ఏదో హోరు వెనక నుంచి మాట్లాడినట్టుంది. మనిషి దగ్గర మెషిన్ ఆయిల్ వాసన. “తమరి పేరేమిటి?” అని రెండుసార్లు అడిగాను. ఆట చెబుతూనే ఉన్నాడు. అలాంటి మనిషే నాకు కావాలి. కబుర్లు పెట్టుకుంటే ఆట పోతుంది.

జల్లెడ ఒక గోల్ వదిలాడు, రెండు ఆపాడు. ఆశ ఉందిరా!

మీ బావ

(తమ్ముడూ, నేను వెళ్లేసరికి ఈయన ఒక్కరే కూర్చుని ఉన్నారు. పక్కన ఎవరూ లేరు. ముందే వెళ్లిపోయి ఉంటాడులే అనుకున్నాను. – అక్క)

*

ప్రియమైన బావకు,

నా సీట్లో ఎవడో కూర్చుంటే నువ్వు పండగ చేసుకుంటున్నావు! నిజం చెప్పాలంటే కాస్త కుళ్లుకున్నాను. నాకంటే బాగా చెబుతాడా? ‘కాలికి అతుక్కున్నట్టు’ అనేది నా మాట కదా, వాడికెలా వచ్చింది? మన వెనక వరసలో కూర్చుని ఇన్నాళ్లూ నా మాటలన్నీ పట్టేసిన వాడెవడో అయి ఉంటాడు. వచ్చినప్పుడు వాడి సంగతి చూస్తాను.

ఇక్కడ నాకో తలనొప్పి వచ్చిపడింది. పెద్దాయన నా మీద ఇంజనీరుకి ఫిర్యాదు చేశాడు. ఆదివారం మధ్యాహ్నం పంపుహౌస్‌కి వస్తే నేను డ్యూటీలో లేనట! గేజీల ముందు కుర్చీ ఖాళీగా ఉందట. నేను ఆ కుర్చీలోంచి కదిలితే ఒట్టు. మధ్యాహ్నమంతా అక్కడే కూర్చున్నాను. “ఉన్నాను కదండీ” అంటే, “ఉంటే నాకు కనపడవా? నాకేమన్నా చత్వారమా?” అని అరిచాడు. చత్వారం ఉంది. ఆ మాట అనలేక ఊరుకున్నాను.

వచ్చే ఆదివారం రెండో ప్రాక్టీస్ మ్యాచ్ కదా. వివరంగా రాయి. ఆ మనిషి ఎలాంటివాడో అక్కని చూసి చెప్పమను.

నీ బావమరిది

*

ప్రియమైన బావమరిదికి,

ఈ ఉత్తరం ఎలా చెప్పాలో తెలియడం లేదు. మీ అక్క కూడా ఇవాళ నవ్వకుండా రాస్తోంది.

ఆదివారం పొద్దున్నుంచి వాన. మధ్యాహ్నానికి కాస్త తెరిపి ఇచ్చింది. మీ అక్క గేటు దగ్గర దింపి, ఆలస్యమైందని బేకరీకి పరిగెత్తింది. దారి నాకు కొట్టిన పిండే కదా, కర్రతో తడుముకుంటూ వెళ్లి కూర్చున్నాను. మళ్లీ చినుకులు మొదలయ్యాయి. గొడుగు తెరిచాను. ఆయన వచ్చాడు, మొదలెట్టాడు.

ఎంత ఆటరా అది! మధ్యలో ఆడే మేస్త్రీ ఇచ్చిన పాసులు, మెరుపు తలతో కొట్టిన గోలు, జల్లెడ గాల్లోకి ఎగిరి వేలికొసలతో బయటికి నెట్టిన పెనాల్టీ. ఒళ్లు మరిచి విన్నాను, నవ్వాను, చప్పట్లు కొట్టాను. చాలాసేపటికి గానీ నాకు తట్టలేదు. విజిల్ వినపడలేదు. బంతి చప్పుడు లేదు. జనం గొంతు ఒక్కటి కూడా లేదు. నా గొడుగు మీద వాన, పక్కన ఆయన మాట. అంతే.

“ఏమండీ, జనం అరవరేం?” అన్నాను. ఆయన ఆట చెబుతూనే ఉన్నాడు. భుజం పట్టుకుందామని చెయ్యి చాచాను. గాలి తగిలింది. గొంతు మాత్రం అక్కడే, నా చెవి పక్కనే ఉంది. “కార్నర్… పైకి లేచింది…” అంటోంది.

ఇంతలో వాచ్‌మన్ వచ్చాడు. “ఏంటి సార్, వానలో ఒక్కరే కూర్చున్నారు? మ్యాచ్ రద్దయింది కదా, గ్రౌండంతా నీళ్లు. పొద్దున్నుంచి ఒక్కడూ రాలేదు” అన్నాడు.

మీ బావ

(తమ్ముడూ, ఇది నా మాట. మ్యాచ్ లేదని బేకరీలో ఎవరో అంటే విని పరిగెత్తుకొచ్చాను. దూరం నుంచి చూశాను. అంత పెద్ద స్టాండులో ఈయన ఒక్కరే గొడుగు కింద కూర్చుని పక్కకి తిరిగి తల ఊపుతున్నారు. వయసు మీద పడుతోందేమో, మతి తప్పుతోందేమో అనుకున్నాను. దగ్గరికి వెళ్లాక చూస్తే బల్లలన్నీ తడిసి ముద్దయి ఉన్నాయి. ఈయన పక్క సీటు మాత్రం పొడిగా ఉంది. గొడుగు అటువైపు లేదు. మనిషి కూర్చున్నంత మేర పొడి. చేత్తో తాకి చూశాను, వెచ్చగా ఉంది. ఈ సంగతి ఆయనకి ఇప్పుడే, ఇది రాస్తూ చెప్పాను. డాక్టరు చెవులూ తలా పరీక్ష చేసి ఏ లోపమూ లేదన్నాడు. నువ్వొకసారి రా. – అక్క)

*

ప్రియమైన బావకు, అక్కకు,

ఉత్తరం ఇప్పుడే చదివాను. వ్యాను వెళ్లిపోయేలోపు నాలుగు ముక్కలు రాస్తున్నాను.

సెలవు దొరికింది. లీగ్ మ్యాచ్ రోజు పొద్దుటి రైలెక్కుతాను, ఆట మొదలయ్యేలోపు నీ పక్కన ఉంటాను. అంతవరకు ఒంటరిగా అటు వెళ్లకు. వాడు మళ్లీ వస్తే పలకరించకు. నేను వచ్చి నా సీట్లో కూర్చుంటే వాడికి చోటెక్కడుంటుంది?

ఆ రద్దయిన మ్యాచ్ గురించి నిన్ను ఇంకా అడగాల్సినవి ఉన్నాయి. మేస్త్రీ పాసులు, పెనాల్టీ… వచ్చాక మాట్లాడదాం. కాగితం మీద పెట్టడానికి చెయ్యి రావడం లేదు.

నీ బావమరిది

*

ప్రియమైన బావమరిదికి,

గెలిచాం! రెండుకి ఒకటి! ఇంకా నా గొంతు బొంగురుగానే ఉంది.

నువ్వు వచ్చి కూర్చోగానే నా భయమంతా చేత్తో తీసేసినట్టు పోయింది. ఆట మొదలై కాసేపయినా రాకపోయేసరికి రైలు తప్పిపోయావేమో అనుకున్నాను. ఇంతలో పక్కన “బావా, మన జట్టు ఎడమ నుంచి కుడికి ఆడుతోంది” అన్నావు. ఆ గొంతు ఎన్నాళ్లకి విన్నానురా! ఏ హోరూ లేదు, ఏ దూరమూ లేదు. అచ్చంగా నువ్వే. వాళ్ల ఫార్వర్డు వరసగా మూడుసార్లు కొట్టినా మన కుర్రాడు ఆపేసినప్పుడు ఏమన్నావూ? “జల్లెడకి ఎవరో మైనం పూశారు బావా, చుక్క కారడం లేదు!” మన వెనక వరసలో వాళ్లకి చెబితే పడీ పడీ నవ్వారు.

అయితే నీ మీద కోపంగా కూడా ఉంది. స్కోరు చెరొకటి ఉండగా, మేస్త్రీ ఫ్రీకిక్ తీసుకోబోతుండగా, మాట మధ్యలో ఆపేసి లేచి వెళ్లిపోతావా? “బంతి ముందు నిలబడ్డాడు, చెయ్యెత్తాడు, ఇప్పుడు…” అన్నావు. ఇప్పుడు ఏమిటి? పిలిచాను, తడిమాను. లేవు. ఆ ఆఖరి గోలు నేనే వినాల్సి వచ్చింది. బంతి తన్నిన చప్పుడు, ఒక క్షణం నిశ్శబ్దం, ఆ తర్వాత భూమి బద్దలైనట్టు అరుపు. చెప్పేవాళ్లు లేకపోయినా తెలిసిందిలే. అయినా విజిల్ పడకముందే వెళ్లే అలవాటు నీకెప్పటి నుంచి వచ్చింది?

ఇంటికైనా రావేం? మీ అక్క నీకోసం వండి కూర్చుంది. నీ కంచం అలాగే పెట్టి ఉంచింది.

మీ బావ

(నాకు బాధేసింది తమ్ముడూ. ఆరోజు బేకరీలో అనుమతి తీసుకుని తొందరగా గ్రౌండుకి వచ్చాను. పైమెట్ల మీద నుంచి చూస్తే బావ పక్కన నీ వీపు కనిపించింది. నీ నీలం చొక్కా, ఆ మెడ వంచే తీరు. ఎంత చిక్కిపోయావురా! గట్టిగా పిలిచాను, వెనక్కి తిరగలేదు. జనాన్ని తోసుకుంటూ దిగేసరికి లేవు. మా మీద కోపమా? – అక్క)

*

ప్రియమైన బావకు, అక్కకు,

కూర్చుని చదవండి. అక్కా, గట్టిగా చదువు, ఏదీ వదలకు.

నేను రాలేదు.

రైలెక్కిన మాట నిజం. నీలం చొక్కా వేసుకున్న మాట కూడా నిజం. నది వంతెన దగ్గర నీళ్లు పట్టాల మీదికి వచ్చాయని రైలు ఆపేశారు. మధ్యాహ్నమైనా కదల్లేదు. సాయంత్రానికి బండిని వెనక్కి మళ్లించారు, నేను తిరిగి ఇక్కడికే వచ్చిపడ్డాను. మాట తప్పినందుకు ఎలా క్షమాపణ చెప్పాలా అని కాగితం ముందు పెట్టుకుని ఉండగా మీ ఉత్తరం వచ్చింది.

ఆ రైలుపెట్టెలో ఏం జరిగిందో చెబుతాను. ఆట మొదలయ్యే వేళయింది. కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకున్నాను. నువ్వు అక్కడ ఒంటరిగా కూర్చుని ఉంటావనిపించింది. నోట్లో నోట్లోనే ఆట చెప్పడం మొదలెట్టాను. “బావా, మన జట్టు ఎడమ నుంచి కుడికి ఆడుతోంది.” అంతా కల్పించి చెబుతున్నాననే అనుకున్నాను. జల్లెడకి మైనం పూశారన్న మాట ఆ కిటికీ పక్కన పుట్టింది. అది తట్టినప్పుడు నవ్వుకున్నాను, బావకి చెబితే ఎంత నవ్వుతాడో అని. ఇంకెవరికీ చెప్పలేదు.

మేస్త్రీ ఫ్రీకిక్ దగ్గరికి వచ్చాను. చెయ్యెత్తాడు, ఇప్పుడు… అనబోతుండగా ఎవరో కెవ్వున అరిచారు. కళ్లు తెరిచాను. ఎదురు సీటావిడ రెండు పాదాలూ నా ఒళ్లో ఉన్నాయి. నిద్రలోంచి లేచి నన్ను చూసి వణికిపోతోంది. టికెట్ కలెక్టరు పరిగెత్తుకొచ్చాడు. “ఇక్కడెవరూ లేరండీ, సీటు ఖాళీగా ఉందనే కదా కాళ్లు చాపుకున్నాను! ఈయన ఎక్కణ్ణుంచి వచ్చాడు?” అంటోంది ఆవిడ. టికెట్ కలెక్టరు నన్ను ఎగాదిగా చూశాడు. “ఇందాక నేనే కదమ్మా, ఖాళీగానే ఉంది చాపుకోమన్నది. ఏమయ్యా, ఎక్కడికెళ్లావ్ ఇంతసేపు?” అన్నాడు.

ఏం చెప్పను బావా? ఎక్కడికీ వెళ్లలేదన్నాను. వాళ్లు నమ్మలేదు.

ఇప్పుడు మిగతాది కూడా చెప్పేస్తాను. ఇక్కడికి వచ్చినప్పటి నుంచి ప్రతి మ్యాచ్ వేళకీ గేజీల ముందు కూర్చుని, పంపుల హోరులో, కళ్లు మూసుకుని నీకు ఆట చెబుతూనే ఉన్నాను. ఆ వాన రోజున మ్యాచ్ రద్దయిన సంగతి నాకెలా తెలుస్తుంది? మేస్త్రీ పాసులు, మెరుపు తలతో కొట్టిన గోలు, జల్లెడ ఆపిన పెనాల్టీ, అన్నీ ఇక్కడ కూర్చుని నేను చెప్పుకున్నవే. మొదటి మ్యాచ్‌వి కలిస్తే కాకతాళీయమనుకున్నాను గానీ, నీ ఉత్తరంలో ఇవి చదివాక అలా అనుకోలేకపోయాను. ధైర్యం చాలక రాయలేదు. ఎదురుగా కూర్చుని చెబుదామనుకున్నాను.

ఒక్కటి మాత్రం అంతుపట్టడం లేదు. ఆట లేని రోజు నేను కల్పించానంటే సరే. ఆట ఉన్న రోజున చెప్పిందంతా జరిగింది కదా? అంటే కల్పించలేదు. చూశాను. ఏ కళ్లతో చూశానో తెలీదు.

అక్కా, చిక్కిపోయానన్నావు. నిజమే. ఒక్కోసారి కళ్లు తెరిచాక వేళ్లకి స్పర్శ రావడానికి చాలాసేపు పడుతోంది. మొదట్లో ఇలా ఉండేది కాదు. పెద్దాయన ఇప్పుడు నన్ను తిట్టడం మానేశాడు. మొన్న నా కుర్చీ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, “ఏదో ఒకటి మాట్లాడుతుండు నాయనా, నువ్వు ఉన్నట్టు నాకు తెలియాలి” అన్నాడు. ఆ మనిషికే భయమేసిందంటే ఆలోచించండి.

ఇంజనీరు దగ్గరికి వెళ్లి, ఈ బదిలీతో వచ్చిన ప్రమోషన్ వద్దు, కింద మన ఊళ్లో పాత పనే ఇవ్వమని అడిగాను. నవ్వాడు, ఆ తర్వాత నా మొహం చూసి సంతకం పెట్టాడు. మన తర్వాతి మ్యాచ్‌కి ముందే వచ్చేస్తాను. సామాను కట్టేశాను కూడా. అంతవరకు నువ్వు గ్రౌండుకి వెళ్లకు. నేనూ ఆట తలుచుకోకుండా ఉండటానికి నానా తంటాలు పడుతున్నాను. పాటలు పాడుతున్నాను, గోడ మీద పెచ్చులు లెక్కపెడుతున్నాను. కానీ కళ్లు మూస్తే చాలు, పచ్చిక వాసన వచ్చేస్తోంది.

వస్తాను బావా, రైల్లో, టికెట్టు కొనుక్కుని, సంచీ మోసుకుంటూ వస్తాను. ఇంటికి వచ్చి అక్క చేతి వంట తింటాను. ఆ తర్వాతే ఇద్దరం కలిసి వెళ్దాం. మనం కూర్చున్నాక నా చెయ్యి పట్టుకో. ఆట సాగుతున్నంతసేపూ గట్టిగా పట్టుకో. గోల్ పడినా సరే, చప్పట్లు కొట్టాలనిపించినా సరే, వదలకు.

నీ బావమరిది